పెరటి మందలో కొత్త కోళ్లను చేర్చే పద్ధతి



"కొత్త ఒక వింత, పాత ఒక రోత" అని మనుషులను గురించి సామెత వుంది. కోళ్ల దగ్గర ఇది తలక్రిందులు. అక్కడ పాతదానిదే పెత్తనం, కొత్తది పరాయిది. కొత్త కోడిని తెచ్చి మందలో వదిలిన క్షణం నుండి పొడుపులు, తరుములాటలు మొదలవుతాయి. ఇది అందరికీ తెలిసిన సంగతే. కాని ఈ కొట్లాట మీదనే దృష్టి పెట్టి, కంటికి కనపడని అసలు ప్రమాదాన్ని మరిచిపోవడం కూడా అందరం చేసే పనే. ఆ తప్పు నేనూ చేశాను గనుక, ముందుగా నా అనుభవం చెప్పి తరువాత పాఠంలోకి వస్తాను.

నా పెరట్లో జరిగింది

2008 ఎండాకాలం. సికింద్రాబాదు శివారున పాత అల్వాల్‌లో మేము కాపురముంటున్నాం. పెరట్లో తొమ్మిది నాటు పెట్టలు, ఒక పుంజు వుండేవి. ఒకనాడు సంఘాల తనిఖీ ముగించుకొని వస్తూ దారిలో ఒక వారపు సంతలో నాలుగు పెట్టలు కొన్నాను. చూడటానికి నిగనిగలాడుతున్నాయి. ఇంటికి వచ్చేసరికి పొద్దుగూకింది. కాళ్ల తాళ్లు విప్పి నేరుగా పెరట్లో వదిలాను.

రెండు రోజులు కర్ర పట్టుకొని కొట్లాట మాన్పడమే నా పని అయింది. నాలుగవ రోజుకు సద్దుమణిగింది. "చూశావా, కలిసిపోయాయి" అని మా ఇంట్లో గొప్పగా చెప్పుకున్నాను. ఆరవ రోజున కొత్తవాటిలో ఒకటి రెక్కలు వేలాడేసి మూలకు కూర్చుంది. పచ్చగా నీళ్ల రెట్ట వేసింది. ఎనిమిదవ రోజుకు మెడ మెలితిరిగింది. పన్నెండు రోజులు తిరిగేసరికి పద్నాలుగు కోళ్లలో రెండు మిగిలాయి.

నష్టం మా గోడతో ఆగలేదు. పక్క ఇంటి అవ్వ రెండు బర్రెలను పెట్టుకొని సంఘానికి పాలు పోసేది. ఆమె కోళ్లు, మా కోళ్లు ఒకే పెంటకుప్ప మీద కెలికేవి. ఆమెకున్న పదకొండు కోళ్లలో ఒక్కటే బతికింది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. ఒకనాడు పాల కేంద్రం దగ్గర మాత్రం, "పాల పైసలు దాణాకు, అప్పుకు పోతయి బిడ్డా. గుడ్ల పైసలే నా చేతిల ఆడేవి. మనుమడికి బలపం కొనాలన్నా అవే" అంది.

నేను సహకార డిప్లొమా చదివినవాణ్ణి. ఒక సభ్యుని అజాగ్రత్త మరొక సభ్యునికి నష్టం కాకూడదని ఊరూరా చెప్పేవాణ్ణి. నా పెరట్లో ఆ సూత్రం గుర్తుకు రాలేదు. ఆ తరువాత పశువైద్యులను అడిగి, చదివి, చేసి చూసి నేర్చుకున్నదే ఈ పాఠం.

1. కోళ్లు ఎందుకు కొట్లాడతాయి?

కోళ్ల మందకు ఒక వరుస వుంటుంది. మొదటి పెట్ట అందరినీ పొడవగలదు, దానిని ఎవరూ పొడవరు. రెండవది మొదటిదానికి లొంగి మిగిలినవాటిని పొడుస్తుంది. ఇలా చివరిదాకా సాగుతుంది. నార్వే దేశస్థుడు షెల్డెరూప్ ఎబ్బె చిన్ననాటి నుండి కోళ్లను గమనించి, ఈ సంగతిని 1922లో ప్రచురించాడు. మేత దగ్గర ముందు ఎవరు, అడ్డకర్ర మీద మంచి చోటు ఎవరిది, గుడ్డు పెట్టే గంపలోకి మొదట ఎవరు వెళ్లాలి అన్నవన్నీ ఈ వరుసను బట్టే జరుగుతాయి. వరుస కుదిరిన మందలో కొట్లాట తక్కువ. ఒక చిన్న బెదిరింపుతో పని జరిగిపోతుంది.

కోళ్లు ఒకదానినొకటి ముఖ్యంగా తల, తురాయి చూసి గుర్తుపడతాయి. కొత్త తల కనపడగానే దాని స్థానం ఏదో తేల్చుకోవాలి. ఆ తేల్చుకోవడమే కొట్లాట. కనుక దానిని పూర్తిగా ఆపలేము, ఆపనవసరం లేదు. నెత్తురు కారకుండా, మేత అందకుండా పోకుండా చూస్తే చాలు.

2. తెచ్చే ముందు ఆలోచించవలసినవి

ఒంటరి కోడిని తేవద్దు. మంద అంతా ఒక్కదాని మీదనే పడుతుంది. రెండు మూడు కలిపి తెస్తే దెబ్బలు పంచుకుంటాయి, ఒకదానికొకటి తోడుంటాయి.

వయస్సు, బరువు పాతవాటికి దగ్గరగా వుండాలి. పిల్లలను పెద్ద పెట్టల మధ్య వదలకూడదు. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధనా సంచాలకాలయం రూపొందించిన వనరాజా, గ్రామప్రియ వంటి పిల్లలను మన సభ్యులు చాలామంది పెంచుతున్నారు. వీటిని ఐదారు వారాలు వెచ్చగా పెంచిన తరువాత పెరట్లోకి వదులుతారు. ఆ వయస్సులో వాటిని గట్టి నాటు పెట్టలతో ఒకే గూటిలో కట్టవద్దు. నాలుగు నెలలు వచ్చేదాకా రాత్రి గూడు వేరుగా వుండటం మేలు.

పుంజుల విషయంలో మరింత జాగ్రత్త. ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు చాలు. చిన్న మందలోకి రెండవ పుంజును తేవడం ఒకే ఒరలో రెండు కత్తులు పెట్టడమే. అసీల్ జాతికి పోరు పుట్టుకతోనే వస్తుంది. ఆ జాతి పెట్టలు కూడా కొట్లాడతాయి. వాటిని మామూలు మందలో కలపకపోవడమే మంచిది.

కొనేటప్పుడు కోడిని చేతిలోకి తీసుకొని చూడండి. కన్ను తేటగా వుండాలి. ముక్కు నుండి నీరు, ఊపిరిలో గురగుర వుండకూడదు. తోక కింద రెట్ట అంటుకొని వుండకూడదు. రెక్కల కింద, తోక మొదట్లో ఈకలు విప్పి పేలు వున్నాయేమో చూడాలి. కాళ్ల పొలుసులు లేచి గరుకుగా వుంటే గజ్జి పురుగు పట్టిందని అర్థం. అన్నిటికంటే ముందు అడగవలసిన ప్రశ్న, "టీకా వేయించారా, ఎప్పుడు?" అన్నది. జవాబు చెప్పలేనివారి దగ్గర కొనకుండా వుండటమే లాభం.

3. ముప్పది రోజులు వేరు కాపురం

ఈ పాఠంలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే. కొత్త కోళ్లు ఎంత ఆరోగ్యంగా కనపడినా ముప్పది రోజులు విడిగా వుంచాలి. ఎందుకో చూద్దాం.

మన గ్రామాలలో మందలను తుడిచిపెట్టే రోగం కొక్కెర తెగులు. దీనినే రాణిఖేత్ వ్యాధి అంటారు. 1926లో ఇంగ్లండులోని న్యూకాసిల్ వద్ద గుర్తించిన ఈ జబ్బుకు, మన దేశంలో కుమావూ కొండలలోని రాణిఖేత్ ఊరి పేరు వచ్చింది. రోగం సోకిన తరువాత లక్షణాలు బయటపడటానికి సాధారణంగా ఐదారు రోజులు, ఒక్కొక్కసారి పదిహేను రోజులదాకా పడుతుంది. అంటే సంతలో నిగనిగలాడిన కోడి అప్పటికే రోగిష్టి అయివుండవచ్చు. నా నాలుగు పెట్టల సంగతి అదే. ఇక దీర్ఘకాలపు దగ్గు, ముఖం వాచే జలుబు వంటి జబ్బులు వచ్చి తగ్గిన కోళ్లు పైకి బాగున్నట్లే వుండి ఇతర కోళ్లకు అంటిస్తూ వుంటాయి.

వేరు కాపురానికి పెద్ద ఖర్చు లేదు. ఇంటికి మరొక వైపున, పాత మందకు వీలైనంత దూరంగా, నీడలో ఒక చిన్న గూడు లేదా తడికల దడి చాలు. ఈ నియమాలు మాత్రం తప్పకూడదు:

(అ) మేత గిన్నె, నీళ్ల మూకుడు కొత్తవాటికి వేరు. ఇటువి అటు వాడరాదు.

(ఆ) రోజూ ముందు పాత మందకు మేత వేసి, ఆ తరువాతనే కొత్తవాటి దగ్గరకు వెళ్లాలి. తిరిగి వచ్చేటప్పుడు కాళ్లు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. చెప్పులకు అంటిన రెట్టతో కూడా రోగం నడుస్తుంది.

(ఇ) మొదటి వారం విశ్రాంతి. ప్రయాణపు బడలిక తీరేదాకా మందులు, టీకాలు వద్దు. చల్లని నీళ్లు, నూకలు, జొన్నలు, ఆకుకూర చాలు.

(ఈ) రెండవ వారం మొదట్లో పశువైద్యుని సలహాపై నట్టల మందు తాగించాలి. పేలు వుంటే దానికీ మందు అడగాలి. కాళ్ల గజ్జికి కొబ్బరి నూనె లేదా వేపనూనె కొన్నాళ్లు రాస్తూ పోతే పొలుసులు మెత్తబడి రాలుతాయి.

(ఉ) పదిహేనవ రోజు ప్రాంతంలో, కోళ్లు హుషారుగా వుంటే కొక్కెర తెగులు టీకా వేయించాలి. టీకా పట్టు రావడానికి సుమారు రెండు వారాలు కావాలి. ఈ లెక్కన ముప్పది రోజులు పూర్తి అవుతాయి.

ఈ నెల రోజులలో ఏ ఒక్కటి జబ్బుపడినా గడువు మళ్లీ మొదటి నుండి లెక్కపెట్టుకోవాలి.

4. చూపుల పరిచయం

వేరు కాపురం ముగిసిన తరువాత ఒక వారం పది రోజులు చూపుల పరిచయం జరగాలి. ఒకరికొకరు కనపడాలి, పొడవడానికి అందకూడదు. జాలీ గాని, సందులున్న తడిక గాని మధ్యలో కట్టవచ్చు. ఏదీ లేకపోతే మన ఇళ్లలో వుండే వెదురు గంప చాలు. అల్లిక వదులుగా వున్న గంపను పెరటి మధ్య నీడలో బోర్లించి, కొత్తవాటిని అందులో మూసి, లోపల నీళ్లు పెట్టి, పూటకు ఒక గంట రెండు గంటలు వుంచండి. గంపకు దగ్గరగా గింజలు చల్లితే పాత కోళ్లు వచ్చి పక్కనే మేస్తాయి. మొదటి రెండు రోజులు గంప మీద పొడుస్తాయి. తరువాత పట్టించుకోవడం మానేస్తాయి. అప్పుడు కలపడానికి వేళ అయిందని గుర్తు.

5. కలిపే రోజు

కలిపే రాత్రికి ముందే గూటిలో చోటు సరిపోతుందో చూడాలి. రాత్రి గూటిలో కోడికి ఒక చదరపు అడుగుకు తగ్గకూడదు. అడ్డకర్ర మీద ఒక్కొక్క దానికి జానెడు చోటు కావాలి. నాలుగైదు పెట్టలకు ఒక గుడ్ల గంప వుండాలి. ఇరుకు గూటిలో ఎంత నేర్పుగా కలిపినా పోరు తగ్గదు.

పొద్దుగూకి కోళ్లన్నీ గూటిలో చేరిన తరువాత కొత్తవాటిని మెల్లగా తీసుకువెళ్లి అడ్డకర్ర మీద పాతవాటి పక్కన కూర్చోబెట్టాలి. కోడికి చీకట్లో కన్ను కనపడదు గనుక రాత్రి పోరు వుండదు. అయితే దీనితో పని అయిపోయిందనుకోవద్దు. అసలు పరీక్ష తెల్లవారిన తరువాతనే. తెల్లవారుతూనే గూడు తెరవాలి. ఆ ఉదయం ఇంట్లో ఒకరు పెరట్లో వుండాలి. కలిపే రోజుకు సంత, పెండ్లి, ఊరి ప్రయాణం లేని రోజును ఎంచుకోండి.

మేతను ఒకచోట పోయకుండా పెరడంతా చల్లండి. నీళ్లు కనీసం మూడు చోట్ల పెట్టండి. ఒక ఆకుకూర కట్టను కోడి తలకు కొంచెం ఎత్తున వేలాడగట్టండి. దానిని అందుకొనే ప్రయత్నంలో పాతవాటికి పొడిచే తీరిక తగ్గుతుంది. గోడకు వాలుగా ఒక పలకను గాని, తడికను గాని ఆనించి వుంచండి. తరిమినప్పుడు దూరడానికి చోటు కావాలి. దానికి రెండు వైపులా దారి వుండాలి. ఒకే దారి వుంటే అది బోనే.

6. ఏది మామూలు, ఏది ప్రమాదం?

పొడవడం, కొద్దిదూరం తరమడం, మేత దగ్గర తోసెయ్యడం మామూలు. మొదటి మూడు రోజులు ఎక్కువగా వుండి, వారం రెండు వారాలలో వరుస కుదురుకుంటుంది. ఈ లోపల ఊరికే మధ్యలోకి వెళ్లి అదిలిస్తూ వుంటే వరుస తేలదు, కొట్లాట పొడిగుతుంది. కర్ర పట్టుకొని నేను రెండు రోజులు చేసిన పని అదే.

నెత్తురు కనపడితే మాత్రం ఆలస్యం చేయరాదు. కోళ్లకు ఎరుపు మీద పొడిచే గుణం వుంది. చిన్న గాయాన్ని గంటలో పెద్దది చేస్తాయి. గాయపడినదాన్ని వెంటనే తీసి, పొటాషియం పర్మాంగనేటు కలిపిన నీళ్లతో కడిగి, పసుపు కలిపిన వేపనూనె రాసి, మానేదాకా పాత మందకు కనపడేచోట విడిగా వుంచండి.

కొత్త కోడి మేస్తున్నదా లేదా తెలుసుకోవడానికి ఒక సులువైన ఉపాయం వుంది. రాత్రి గూటిలో దాని మెడ కింద, రొమ్ము పైన వుండే మేతసంచిని వేళ్లతో తడిమి చూడండి. నిండుగా వుంటే మేసింది. ఖాళీగా వుంటే ఎవరో మేయనివ్వడం లేదు. అలాంటప్పుడు కొత్తదాన్ని తీసెయ్యడం కంటే, తరుముతున్న పాత పెట్టను గుర్తుపట్టి దాన్ని మూడు నాలుగు రోజులు వేరే మూసిపెట్టండి. తిరిగి వచ్చేసరికి దాని పెత్తనం సడలివుంటుంది.

7. పొదిగే పెట్ట ఉంటే

అన్నిటికంటే తక్కువ పోరుతో మంద పెంచే మార్గం నాటు పెట్ట రెక్కల కిందనే వుంది. మేలు జాతి కోళ్లు సాధారణంగా పొదగవు. నాటు పెట్ట పొదుగుడుకు కూర్చున్నప్పుడు దాని కింద మేలు జాతి గుడ్లు పెట్టవచ్చు. లేదా పొదుగు ముగిసే వేళకు, రాత్రిపూట, ఒకటి రెండు రోజుల పిల్లలను మెల్లగా కిందికి జరపవచ్చు. తెల్లవారేసరికి తన పిల్లలుగానే చూసుకుంటుంది. తల్లి వెంట తిరిగే పిల్లలను మందలో ఎవరూ ముట్టుకోరు. ఆ పిల్లలు ఆ మందలోనే పెరుగుతాయి గనుక పెద్దయిన తరువాత పరాయివి కావు. వారం దాటిన పిల్లలను ఇలా పెడితే తల్లి ఒప్పుకోకపోవచ్చు.

8. గొడ్ల కొట్టం సంగతి

మన సభ్యులలో చాలామందికి కోళ్లు రాత్రి గొడ్ల కొట్టంలోనే ఎక్కి కూర్చుంటాయి. రెట్ట గడ్డిలో, కుడితి తొట్టిలో, బోర్లించిన పాల క్యాన్ల మీద పడుతుంది.  ఇది పాల శుభ్రతకు కూడా సంబంధించిన విషయం. ముఖ్యంగా కొత్త కోళ్లను వేరుగా పెట్టడానికి ఖాళీ వుంది కదా అని గొడ్ల కొట్టం మూలను వాడవద్దు.

బర్డ్ ఫ్లూ మన ప్రాంతానికి కొత్త కాదు. 2015 ఏప్రిల్‌లో రంగారెడ్డి జిల్లా హయత్‌నగర్ వైపు తొర్రూరులోను, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలోను కోళ్లలో బయటపడింది. 2024 మార్చిలో అమెరికాలో ఈ రోగక్రిమి పాడి ఆవులలోను, వాటి పాలలోను కనపడింది. పాశ్చరైజు చేస్తే క్రిమి చస్తుంది. అయినా కోళ్లకు వేరే గూడు, గొడ్లకు వేరే కొట్టం అన్న నియమానికి ఇంతకంటే హెచ్చరిక అక్కరలేదు. కోళ్లు హఠాత్తుగా చస్తుంటే పశువైద్యశాలకు తెలపాలి. చచ్చినవాటిని కాలువలో, పెంటకుప్ప మీద పారవేయకుండా లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి. మిగిలినవాటిని తొందరపడి అమ్మరాదు. ఆ అమ్మకమే మరొకరి పెరట్లోకి రోగాన్ని పంపుతుంది.

9. టీకా ఒక్క ఇంటి పని కాదు

పిల్లలకు మొదటి వారంలో లసోటా టీకాను కంట్లోనో ముక్కులోనో చుక్కగా వేస్తారు. ఎనిమిదవ వారంలో ఆర్.టు.బి. అనే ముక్తేశ్వర్ రకం టీకాను రెక్క కింద చర్మంలోకి ఎక్కిస్తారు. పెరటి కోళ్లకు తరువాత ఆరు నెలలకొకసారి వేయించాలి. ఇది అందరికీ తెలిసినా చాలామంది వేయించరు. కారణం అశ్రద్ధ ఒక్కటే కాదు. ఆర్.టు.బి. సీసాలో సాధారణంగా నూరు డోసులో, అంతకంటే ఎక్కువో వుంటాయి. మందు కలిపిన తరువాత రెండు గంటలలోపు వాడెయ్యాలి. పది కోళ్లున్న ఇల్లాలు ఒక సీసా కొంటే తొంభై డోసులు నేలపాలు. ఆమె వెనుకాడటంలో ఆశ్చర్యం లేదు.

ఇక్కడే పాల సంఘం పనికివస్తుంది. ఊళ్లో పెరటి కోళ్లన్నీ ఒకే పెంట మీద మేస్తాయి గనుక, గోడలు ఎన్ని వున్నా అది ఒకటే మంద. సంఘంలో పదిమంది సభ్యులు కలిస్తే నూరు కోళ్లు, నూరు కోళ్లకు ఒక సీసా. పాలు పోసే వేళకు కోళ్లు ఇంకా గూళ్లలోనే వుంటాయి. టీకాకు అదే సరియైన సమయం. సభ్యులందరూ ఉదయం, సాయంత్రం కేంద్రానికి వస్తూనే వుంటారు గనుక కబురు వేరే పంపనక్కరలేదు. సంఘం చేయవలసింది ఇంతే: ఆరు నెలలకొకసారి ఒక తేదీ నిర్ణయించి, ముందు రోజు బోర్డు మీద రాసి, పశువైద్యుణ్ణి గాని గోపాలమిత్రను గాని పిలిచి, మంచు వేసిన ఫ్లాస్కులో టీకా తెప్పించి, ఖర్చును కోళ్ల లెక్కన పంచడం. ఒకే రోజు వేయించడంలో మరొక లాభం వుంది. టీకా వేసిన కోడి నుండి బతికున్న టీకా క్రిమి కొన్నాళ్లు బయటికి వస్తుంది. కొన్నిటికి వేసి కొన్నిటిని వదిలిపెట్టడం మంచిది కాదు. ఎనిమిది వారాలు నిండని పిల్లలకు ఈ టీకా కాక లసోటా వేయించాలి. గుడ్లు పెడుతున్న పెట్టలు టీకా తరువాత కొన్ని రోజులు గుడ్లు తగ్గించవచ్చు. భయపడనక్కరలేదు.

దీనితో పాటు మరొక కట్టుబాటు చేసుకోవాలి. ఎవరు కొత్త కోళ్లు తెచ్చినా కేంద్రంలో ఒక మాట చెప్పాలి. దాచవలసిన విషయం కాదు. పక్కవారు తమ కోళ్లను ఆ వైపు పోకుండా చూసుకోగలుగుతారు.

ముగింపు

మా పెరడును సున్నం కొట్టి రెండు నెలలు ఖాళీగా వదిలాను. తరువాత గ్రామప్రియ పిల్లలను తెచ్చి, టీకాలన్నీ వేయించి, నాలుగు నెలలు పెంచి, ఆరు పెట్టలను పక్క ఇంటి అవ్వకు ఇవ్వబోయాను. ఆమె ముందు చేయి చాపలేదు. "ఎన్నొద్దులు విడిగ పెట్టినవు బిడ్డా?" అని అడిగింది. చెప్పిన తరువాతనే తీసుకుంది. తీసుకొని కూడా, మిగిలిన తన ఒక్క పెట్టకు దూరంగా, మరొక మూలన గంప కింద పెట్టింది. మన సంఘాలలో ప్రతి సభ్యుడూ, ప్రతి సభ్యురాలూ ఈ ప్రశ్న అడగడం నేర్చుకోవాలి.

గుర్తుంచుకోవలసిన తేదీలు

1 - 7 రోజులు: వేరు కాపురం, విశ్రాంతి, పరిశీలన.
8 - 10 రోజులు: నట్టల మందు, పేల మందు.
15వ రోజు ప్రాంతం: కొక్కెర తెగులు టీకా.
30వ రోజు వరకు: వేరు కాపురం కొనసాగింపు.
31 - 40 రోజులు: జాలీ లేదా గంప ద్వారా చూపుల పరిచయం.
40వ రోజు రాత్రి: గూటిలో చేర్చుట. మరునాడు ఉదయం కాపలా.

సంఘ సమావేశంలో చర్చకు ప్రశ్నలు

1. మన సంఘ సభ్యుల ఇళ్లలో మొత్తం కోళ్లెన్ని? టీకా వేయించినవెన్ని?
2. పైకి ఆరోగ్యంగా కనపడే కోడిని కూడా ముప్పది రోజులు వేరుగా వుంచడం ఎందుకు?
3. కొత్త కోడి మేత తింటున్నదని రాత్రిపూట ఎలా తెలుసుకోవచ్చు?
4. మన సభ్యులలో ఎవరి కోళ్లు గొడ్ల కొట్టంలో పడుకుంటున్నాయి? వేరే గూటికి ఏమి కావాలి?
5. తరువాతి టీకా రోజు ఏ తేదీన పెట్టుకుందాం?